వృత్తి: సెక్షన్ ఆఫీసర్

గోవిందరాజులు జన్మలో ఒక్క బీడీ ముట్టలేదు. పక్కవాడు సిగరెట్టు వెలిగిస్తే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే రకం. అలాంటి మనిషికి 2006 ఫిబ్రవరిలో కుడి డొక్కలో నొప్పీ, మెట్లెక్కితే ఆయాసమూ మొదలయ్యాయి. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో వాళ్ళది మూడో అంతస్తు. రెండో అంతస్తులో ఆగి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసేవాడు. అది ఊపిరి తీసుకోడానికేనని కనిపెట్టడానికి భార్య కృష్ణకుమారికి నెల పట్టింది.

ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. సూది గుచ్చి లీటరున్నర తీశారు. అందులో క్యాన్సరు కణాలు కనబడలేదు. ఇలాంటి నీరు మనవాళ్ళలో చాలావరకు టీబీదేనని ఆ మందులు రాశారు. టీబీ అని వినగానే పెరుగన్నం నైవేద్యం పెట్టిన ఇల్లాలు ఢిల్లీ మొత్తంలో కృష్ణకుమారి ఒక్కతే అయివుంటుంది. మూడు నెలలు మాత్రలు మింగాడు. మనిషి చిక్కిపోయాడు, నీరు మళ్ళీ చేరింది.

గుడ్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు జశ్వంత్ ఇంటర్నెట్ ముందు కూర్చున్నాడు.

"మమ్మీ, లంగ్ క్యాన్సర్‌లో స్మాల్ సెల్ అని ఒకటి. వో బహుత్ ఫాస్ట్ హై. మిగతావన్నీ నాన్-స్మాల్ సెల్. పర్ డాడీకి దగ్గు లేదు, బ్లడ్ భీ నహీ ఆతా. ఏదీ మ్యాచ్ అవట్లే."

"మరి ఇదేంట్రా?"

"పతా నహీ, మమ్మీ."

చదువుకున్నవాడికే తెలియకపోతే ఆవిడకేం తెలుస్తుంది? టీబీ అనుకుంటే మందు పనిచెయ్యదు, క్యాన్సరనుకుంటే కాల్చిన సిగరెట్టు లేదు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా తోచక వంటింట్లో గిన్నెలమీద చూపించింది.

చివరికి పెద్దాసుపత్రిలో ఛాతీ డాక్టరమ్మ చిన్న కంత పెట్టి, లోపలి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తరవాత భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి హిందీలో నెమ్మదిగా చెప్పింది. క్యాన్సరే. అయితే ఎక్కడ పుట్టిందో తేలడం లేదు. ఊపిరితిత్తిలో పుట్టి పైపొరకు పాకిందా, ఆ పొరలోనే పుట్టిందా?

"ఏ రాయయితేనేం పళ్ళూడగొట్టుకోడానికి," అన్నాడు గోవిందరాజులు తెలుగులో, భార్యతో.

డాక్టరమ్మ వివరించింది. రెంటికీ మందులు వేరు. ముక్కని ఇంకో పరీక్షకి పంపింది కానీ, రోగి చేసిన పని కూడా తెలియాలి. పొరలో పుట్టేది ఎక్కువగా ఆస్‌బెస్టాస్ ధూళి పీల్చినవాళ్ళకి, ముప్ఫై నలభై ఏళ్ళ తరవాత వస్తుంది. "ఫైల్లో సెక్షన్ ఆఫీసర్ అని ఉంది. అంతకుముందు?"

"ఆఫీసు పనే, మేడమ్," అన్నాడాయన, భార్య వంక చూస్తూ.

ఆ చూపు కృష్ణకుమారికి సూటిగా తగిలింది. ఆసుపత్రి ఫారాలన్నీ నింపింది తనే. ఢిల్లీ తెలుగువాళ్ళలో పేరుకన్నా ముందు హోదా అడుగుతారు. మావారు మొదట్నుంచీ సెంట్రల్ గవర్నమెంటే అని ఇరుగుపొరుగుకి పాతికేళ్ళుగా చెప్పుకొస్తోంది. గుమాస్తా పరీక్ష నెగ్గి ఢిల్లీ రాకముందు ఆయన బొగ్గు కరెంటు కేంద్రంలో హెల్పరు. అది కన్నకొడుక్కీ తెలియదు. ఆ మాట ఎక్కడా అనొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకుందావిడ. ఆయన ఇవాళ కూడా ఆ ఒట్టే నిలబెడుతున్నాడు, పిచ్చి మారాజు!

"అబద్ధం, డాక్టర్ సాబ్," అంది. "ఆరేళ్ళు ఆవిరి గొట్టాలకి వేడి పోకుండా తెల్లటి నార చుట్టే పని చేశారు. దాన్ని ఆస్‌బెస్టాసే అనేవాళ్ళు. అంతా పిండిలా రాలేది."

డాక్టరమ్మ గబగబా రాసుకుంది. కోప్పడుతుందేమోనని చూస్తే కోప్పడలేదు. "ఇప్పుడు దారి తెలిసింది," అంది. తను చేసిన ఆలస్యం నాలుగు నెలలా, అంతకన్నా ఎక్కువా? లెక్క వేసుకోడానికే కృష్ణకుమారికి భయమేసింది.

"ఆ పనికి వేసుకెళ్ళిన బట్టలు ఎక్కడ ఉతికేవాళ్ళు?" అనడిగింది డాక్టరమ్మ.

"ఇంట్లోనే. నేనే," అంది కృష్ణకుమారి. ఇదొక్కటైనా సరిగ్గా చేశానన్న ధీమా వచ్చిందావిడకి. "రోజూ గడప దగ్గర బాగా దులిపి, ఆ తరవాతే నీళ్ళలో వేసేదాన్ని."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. ఇంకో ఎక్స్‌రే చీటీ లాగి, "మీ వయసెంతమ్మా?" అనడిగింది.

"నాకెందుకు?" అంది కృష్ణకుమారి, అయోమయంగా ఇద్దర్నీ చూస్తూ.

తన రోగం సంగతి విని కంటతడి పెట్టని గోవిందరాజులు ఒక్కసారిగా ముందుకు వంగి, అందిన ఊపిరితోనే, "నేను పని దగ్గరే దులుపుకుని రావలసింది, కృష్ణా," అన్నాడు.