అది నేనెప్పుడో చేశాను!

మా బాబాయికి ఒకటే జబ్బు. ఇంట్లో ఎవరు ఏ తప్పు చేసినా దానికో పేరు పెట్టి, ఆ తప్పు తను ఎప్పుడో చేశానని పంతం పడతాడు.

అత్తయ్య ఒకసారి విందుకెళ్లి మూడు చెప్పులతో తిరిగొచ్చింది. కాళ్లకు రెండు, సంచిలో ఒకటి. ఆవిడ సిగ్గుతో చచ్చిపోతుంటే బాబాయి, "ఓస్, అదా! అది నేనెప్పుడో చేశాను" అన్నాడు. అప్పట్నుంచి ఇంట్లోకి అక్కర్లేని వస్తువు ఏదొచ్చినా దాని పేరు 'మూడోచెప్పు'. నాన్న దిండు తియ్యకుండానే గలీబు ఉతికేసిన రోజు నుంచి, పనికిమాలిన చాకిరీకి 'దిండుతుకు' అని పేరు. వీటి బదులు మామూలు మాట వాడినవాళ్లు ఆ పూట గిన్నెలు కడగాలి. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన పావుగంట మా మాటలు విని, పక్కింటి మీటరు చూసుకుని వెళ్లిపోయాడు. ఒట్టు!

నేను కాలేజీ మూడో ఏడు మధ్యలో మానేసి వస్తే నాన్న నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. బాబాయి మాత్రం, "ఓస్, నేను రెండో ఏడే దిగొచ్చాన్రా. దాన్ని 'సగంమెట్టు' అంటారు" అన్నాడు. ఆ లెక్కన ఆయన కంటే నేను ఒక ఏడాది ఎక్కువ చదివాను. పెద్దాయన, మరిచిపోతాడేమోనని రోజుకు రెండుసార్లు గుర్తుచేస్తుంటాను.

మాది పుస్తకాలు బైండు చేసే కొట్టు. పెళ్లయి మా ఇంటికొచ్చాక వదిన పట్టుబట్టి పని నేర్చుకుంది. మొన్న మొదటిసారి ఒక ఆర్డరు సొంతంగా చేసింది. స్కూలు లైబ్రరీకి నలభై పుస్తకాలు. అట్టల దొంతర తిరగేసి పెట్టుకుందేమో, నలభైకి నలభై తలకిందులుగా అతుక్కున్నాయి. సాయంత్రానికి ఇవ్వాలి.

వదిన కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"మామయ్యగారూ, ఈ పని నాకు రాదు. రేపట్నుంచి కొట్టుకు రాను."

"ఓస్, అదా! అది నేనెప్పుడో చేశానమ్మాయ్. మనింట్లో దాన్ని 'శీర్షాసనం' అంటారు."

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నారు."

"అబద్ధమైతే మాటల పుస్తకంలో ఎందుకు రాసుంటుంది? ఒరేయ్, లోపల పెట్టెలో ఉంది, పట్రా. నువ్వే చదివి వినిపించు."

మా ఇంటి మాటలన్నీ తేదీలతో సహా రాసుకునే ఆ పుస్తకం ఆయన ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. పెట్టె తీసి, గబగబా పేజీలు తిప్పాను. 'మూడోచెప్పు' ఉంది, అత్తయ్య విందు నుంచి వచ్చిన మర్నాటి తేదీతో. 'సగంమెట్టు' ఉంది, నేను కాలేజీ మానేసి వచ్చిన రోజు తేదీతో. అంతకుముందు ఆ మాటలు పుట్టనే లేదు. 'శీర్షాసనం' అసలెక్కడా లేదు. వెనకట్ట జేబులో మాత్రం మడతపెట్టిన కాగితం ఒకటుంది. బాబాయి డిగ్రీ పట్టా. ఫస్టు క్లాసు.

నా ఏడాది చదువు గొప్ప అక్కడికక్కడే హరీమంది.

కాగితం ఎలా ఉన్నదలా పెట్టేసి, పుస్తకంతో బయటికొచ్చాను. వదిన చెయ్యి చాపింది. ఇస్తానా? ఖాళీ పేజీ తెరిచి గొంతు సవరించుకున్నాను.

"శీర్షాసనం. బాబాయి నూటపది పుస్తకాలు తలకిందులుగా కట్టుట. కొన్నవాళ్లు దూలానికి వేలాడుతూ చదువుకొనుట."

"ముగ్గురికి కళ్లు తిరిగాయని కూడా ఉండాలి చూడు" అన్నాడు బాబాయి, తడుముకోకుండా.

"నలుగురికి" అన్నాను.

వదిన ఫక్కున నవ్వింది. "నూటపదా! నావి నలభయ్యేగా?"

"మరి? సాయంత్రానికి అయిపోవూ! అట్టలు ఊడదియ్యి" అని బాబాయి చొక్కా చేతులు పైకి మడిచాడు.

ముగ్గురం నడుం ఎత్తలేదు. అన్నం కూడా నిలబడే తిన్నాం. ఊడదీసిన అట్టను వదిన తిప్పి ఇస్తుంటే నేను జిగురు రాశాను, బాబాయి అతికించి బరువు పెట్టాడు. ముప్పై తొమ్మిది సరిగ్గా నిలబడ్డాయి. నలభయ్యోది నేనే అతికిస్తానని లాక్కుని, మళ్లీ తలకిందులుగా అతికించాను.

"ఓస్, అదా!" అంది వదిన, నా చేతిలోంచి పుస్తకం తీసుకుంటూ. "అది నేను పొద్దున్నే చేశాను."

స్కూలువాళ్లు పుస్తకాలు పట్టుకెళ్లాక, షట్టరు దించుతూ అడిగాను.

"బాబాయ్, నువ్వు కాలేజీ ఎన్నో ఏడు మానేశానన్నావు?"

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు.

"రెండో ఏడు."

"నేను మూడో ఏడు దాకా లాగాను."

"అవున్రా" అన్నాడు బాబాయి. "ఇంట్లో పెద్ద చదువు నీదే."