రాజూ, నేనూ, ఆవకాయా

డబ్లిన్‌లో నా ఎసిడిటీకి సూదులు గుచ్చే చైనా డాక్టర్ ఒక కథ చెప్పాడు. వాళ్ల ప్రాచీన వైద్యుడొకడు మొహం చూసే రాజుగారి రోగం కనిపెట్టాడట. మూడుసార్లు హెచ్చరించినా రాజు వినలేదు. నాలుగోసారి రాజును దూరం నుంచి చూసి, ఇక లాభం లేదని వైద్యుడు పారిపోయాడట.

"రోగిని వదిలేసి పారిపోతాడా? అదేం వైద్యధర్మం!" అని మండిపడ్డాను.

ఆయన నా నాలుక చూసి, "ఆ ఎర్ర పచ్చడి మానేశారా?" అన్నాడు.

"ఎప్పుడో!" అన్నాను. మూడు వారాలూ అదే ప్రశ్న, అదే జవాబు.

నాలుగో వారం ఇండియన్ స్టోర్‌లో రెండు ఆవకాయ సీసాలు కార్ట్‌లో పెట్టుకుంటుంటే ఎదురుగా ఆయనే. నన్ను చూశాడు. సీసాలు చూశాడు. చేతిలో బుట్ట అక్కడే దించేసి, గబగబా తలుపు వైపు నడిచాడు.

"డాక్టర్, ఇవి నా వైఫ్‌కి!" అని అరుస్తూ, కార్ట్ తోసుకుంటూ వెంటపడ్డాను.