మావగారి స్టీలు కంచం

మా మావగారు రిటైరైన హెడ్మాస్టరు. తాను పెట్టిన పరీక్ష తప్ప లోకంలో దేన్నీ నమ్మని మనిషి.

పాపకి వినపడదేమోనని నాకు అనుమానం వచ్చిన రోజు నుంచీ ఆయన పరీక్ష ఒక్కటే. పాప నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, పిల్ల వెనకాల నించుని స్టీలు కంచం గచ్చుమీద పడేసేవారు. ఆ చప్పుడికి నేను ఉలిక్కిపడేదాన్ని. నా మొహం చూసి పాప వెనక్కి తిరిగేది. "ఆయ్, చెవులు భేషుగ్గా ఉన్నాయండీ. డాక్టరెందుకూ?" అని మలికిపురంలో చుట్టాలందరికీ చెప్పేవారు. మూడేళ్ళొచ్చేదాకా పిల్లని ఎక్కడా చూపించనివ్వలేదు.

ఓ రోజు కంచం పడ్డప్పుడు నేను పాపకి కనపడకుండా వంటింటి గుమ్మంలో ఉన్నాను. పాప కదల్లేదు. "పెంకితనం" అన్నారాయన. నేను మర్నాడే పిల్లని చంకనేసుకుని అమలాపురం బస్సెక్కేను.

చెవికి మిషను పెట్టే రోజు ఆయనా వచ్చేరు, చేతిసంచీతో. మిషను ఆన్ చేసి, "ముందు మీరే మెల్లగా పేరు పెట్టి పిలవండమ్మా. తను వినే మొదటి మాట మీదే అవ్వాలి" అంది ఆస్పత్రి మేడమ్. నేను నోరు తెరిచేలోగా వెనక ఖంగుమంది. ఆ మహానుభావుడు కంచం సంచీలో వేసుకొచ్చేరు! పాప బెదిరిపోయి గుక్కపట్టింది.

"చూసేరా అండీ? పిల్లకి వినపడుతుందని నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను" అన్నారు, గదంతా మారుమోగేలా.

మా పాప పుట్టాక విన్న మొదటి మాట అదే.