చిన్నమ్మ తొడుక్కున్న జాకెట్

మా పాప రెయిన్‌కోటు నిరుడు తడిగానే చుట్టి అటక మీద పడేశాను. ఈ ఉదయం విప్పగానే గుప్పుమన్న ముక్కిన వాసనకు ముక్కు మూసుకున్నాను. ఛీ, మళ్లీ అదే కంపు!

ఆ కంపు మొదటిసారి తగిలినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా చిన్నమ్మ వరంగల్‌లో ఉండేది; గోదావరి ఒడ్డున తెరచాప పడవలు నడిపే ఒక సెయిలింగ్ క్లబ్బు సభ్యురాలు. ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే బస్సెక్కి పోయి ఏటి మీదే ఉండేది. ఓసారి నన్నూ తీసుకుపోయింది. కాసేపు ఎండ, కాసేపు మబ్బు. గాలి ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియడం లేదు.

"మొగులైతాంది. జాకెట్ లేకుంటే పిల్లను ఎక్కనియ్య," అంటూ క్లబ్బు పెద్దాయన మూలనున్న లైఫ్ జాకెట్ ఒకటి నా మీదికి విసిరాడు. మెడ దగ్గర ఎవరి చెమటో నల్లటి జిడ్డుగా పేరుకుంది. లోపలంతా బూజు, చచ్చిన చేపల కంపు. ఎవరో ఎప్పుడో కక్కింది పట్టీకి ఎండి అంటుకుని ఉంది.

"యాక్! నేను తొడుక్కోను!" అని ఏడ్చాను.

చిన్నమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఏం వాసన వస్తలేదు బిడ్డా, ఉత్తగనే ఏడుస్తున్నవ్," అంటూ తన శుభ్రమైన జాకెట్ విప్పి నాకు బిగించి కట్టింది. ఆ కంపుది తాను తొడుక్కుంది. పాపం, చిన్నమ్మకు ముక్కు పనిచేయదనుకున్నాను.

వాన పడనే లేదు. ఒడ్డు చేరగానే చిన్నమ్మ రాళ్ల చాటుకు ఉరికి భళ్లున కక్కుకుంది.

"పడవ ఊగింది గద, జర తిప్పింది," అంది మూతి తుడుచుకుంటూ.

ఇంటికొచ్చి ఆ సంగతి అందరికీ చెప్పి నవ్వాను. వారం వారం ఏటి మీద తిరిగే మనిషికి పడవలో కడుపు తిప్పడమేమిటని తోచడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.