ఒకే దుప్పటి కింద ఆవిరి

నా చేతులతో నేనే మా ఆయన పరువు తీసి చర్చి మెట్ల మీద ఆరబెట్టిన కథ ఇది. పడిశంతో ఉన్నవాళ్ళు చదవకండి. నవ్వితే దగ్గొస్తుంది, తర్వాత నన్నంటారు.

తొంభైల చివర్లో, నర్సీపట్నం కాపురానికొచ్చిన మొదటి చలికాలం అది. పాయకరావుపేట దగ్గర సముద్రం ఒడ్డున పెరిగినదాన్ని, మన్యం కొండల మీంచి దిగే చలి ఎలా ఉంటుందో నాకేం తెలుసు? డిసెంబరు వచ్చేసరికి నా ముక్కూ, మా ఆయన ముక్కూ రెండూ మూతపడ్డాయి.

మా ఆయన దానియేలు టైలరు. మిషను తొక్కుతూ పొద్దస్తమానం పాడుకునేవారు. ఆ చప్పుడులో ఆ పాట వినడం కోసమే నేను బియ్యం ఏరే పని గుమ్మంలో పెట్టుకునేదాన్ని. చర్చి పాటల బృందంలో ఏళ్ళ తరబడి వెనక వరసలో నిలబడ్డ ఆయనకి, ఆ క్రిస్మస్‌కి మొదటిసారి ఒక్కరే పాడే అవకాశం వచ్చింది. తీరా ఆ సాయంత్రానికి గొంతు చూస్తే దూడ అరిచినట్టుంది.

"నా వల్ల కాదే. ఇంకెవరినైనా పాడమని సెప్పేత్తాను," అన్నారు దిగాలుగా.

"నానుండగా అదేటండి? పసుపూ వావిలాకూ ఏసి ఆవిరి పట్టిత్తాను. గొంతు గంటలా మోగకపోతే నన్నడగండి."

కొత్త కోడలి ధీమా అది. అంతకుముందు నేనెవరికీ ఆవిరి పట్టిన పాపాన పోలేదు.

ఇక్కడ మా వంటింటి సంగతి చెప్పాలి. అత్త దగ్గర ఒకేలాంటి సిల్వర్ గిన్నెలు రెండుండేవి. ఒకదాంట్లో నేను వావిలాకూ పసుపూ వేసి మరగబెట్టి మూతపెట్టాను. రెండోదాంట్లో అత్త, మా అమ్మ పంపిన ఎండు నెత్తళ్ళని పసుపేసిన వేడినీళ్ళలో నానబెట్టింది. తర్వాత ఆ చేపల్ని కడగడానికి పెరట్లోకి పట్టుకెళ్ళి, నీళ్ళు కొబ్బరిమొక్కకి పోద్దామని గిన్నెలోనే ఉంచి మూతపెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఏం జరిగిందో మీరు కనిపెట్టేశారు. ముక్కు పనిచేసేవాళ్ళు, మీకేం!

చీకట్లో చేతికందిన గిన్నెని మళ్ళీ పొయ్యి మీద తెర్లబెట్టి తెచ్చాను. దుప్పటి కప్పబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వూ రాయే. నీ ముక్కూ దిబ్బడేసింది కదా."

ఇద్దరం ఒకే దుప్పట్లో దూరాం. తలా తలా కొట్టుకున్నాయి.

"ఏటైనా వాసనొత్తందేటే?"

"నాకేటీ నేదు. మీకో?"

"నాకూ నేదు. గానీ మందు గట్టిదే. కళ్ళంట నీళ్ళు కారిపోతన్నాయి."

"పీల్సండి. ఇంకా గట్టిగా పీల్సండి."

ఆవిరి చల్లారిపోయినా మేం బయటికి రాలేదు. ఆయన ఆ పాట నా చెవి దగ్గర మెల్లగా పాడారు. గొంతు విచ్చుకుంది. చలేస్తుందని ఆ దుప్పటే కప్పుకుని బయల్దేరారు. "మీరు బేగి ఎల్లండి, ఎనకాలే వత్తాను," పెరట్లోంచే అంది అత్త. దారిలో ఒక పిల్లి మా వెంటపడింది. పాట వినడానికే అనుకున్నాం.

పాట ఎత్తుకోగానే ముందు వరసలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళు జేబురుమాళ్ళు తీశారు. ఒకాయన ఆపుకోలేక బయటికే వెళ్ళిపోయాడు. ఎంతమంది ఏడుస్తున్నారో! నా గుండె నిండిపోయి నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను. అది చూసి ఆయనకి ఉత్సాహం వచ్చి, జనం దగ్గరికి నడిచి మరీ ఆఖరి చరణం రెండోసారి పాడారు. జనం కాస్త వెనక్కి జరిగారు.

ఆరాధన అయ్యాక మెట్ల మీద సంఘపెద్ద గారి భార్య నన్నాపింది.

"పాట బంగారంలాగుందమ్మా. గానీ మీరేటి తినొచ్చారు?"

"ఏటీ తిన్నేదండీ. ఆవిరి పట్టుకున్నామంతే, వావిలాకుతో."

"మరా వావిలిసెట్టు సముద్రంలో మొలిసిందేటమ్మా?"

అప్పుడే అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఒలే అమ్మాయీ! నీ వావిలాకు గిన్నె కదపకుండా అలాగుంది. నా నెత్తళ్ళ నీళ్ళేటి సేసినావు?"

మెట్ల మీద అందరూ నా పక్కనున్న మా ఆయన వైపు తిరిగారు. నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఎన్నేళ్ళు ఎదురుచూసిన పాట! ఆయన దుప్పటి అంచు ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చారు, ఏమీ తెలియలేదు, మళ్ళీ పీల్చారు. తర్వాత మెట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"అందరూ ఏడుత్తన్నారనుకున్నానే!"

"నానూ అదే అనుకున్నానండీ," అని నేను నిజంగానే ఏడ్చాను.

ఆ తర్వాత ఏటా ఆయనే పాడారు. "ఈయేడు ఆవిరి దేంతో దానియేలూ?" అని అడగనివాడు ఊళ్ళో లేడు.

ఇప్పుడు ఆయన లేరు. కుట్టుమిషను గుడ్డ కప్పుకుని మూల కూర్చుంది. నాకు పడిశం పడితే మా అమ్మాయి కొనిచ్చిన కరెంటు ఆవిరి మిషనుంది. మంచిదే, ముక్కు వెంటనే తెరుచుకుంటుంది. కాకపోతే అది ఒక్కరికే సరిపోతుంది. అందుకే నెత్తళ్ళు నానబెట్టిన రోజున మూత తీసి, ఆ నీళ్ళ దగ్గర కాసేపు ఊరికే నిలబడతాను. ఆయన కావాలనిపిస్తుంది.

సరే, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. వాసన చూడకుండా, దీపం పెట్టి చూడకుండా, ఏ గిన్నె ముందూ ఇక దుప్పటి కప్పుకోను. ఆయన వచ్చి "నువ్వూ రాయే" అంటే మాత్రం, గిన్నెలో ఏముందో అడగను.