గంజిపొడి మీద రెండు పేర్లు

విజయవాడలో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో నేను పాలిమర్లు బోధిస్తాను. ఓ రోజు నూలు వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి, "వానాకాలం గంజిపొడి ఎప్పుడు పంపుతారండీ?" అని అడిగారు. అలాంటిదేదీ నేను చెయ్యనన్నాను.

"ఇంటిపేరుతో సహా మీ పేరే కదండీ! నెట్‌లో వెతికితే ఈ నంబరే వచ్చింది" అన్నారాయన.

నా పేరున్న ఆ మనిషిని చూడాలనిపించి, ఆయన్నే ఊరు అడిగి, ఆదివారం పెడన బస్సెక్కాను. ఆవిడ మగ్గం నేస్తారు, నాకంటే పదేళ్లు పెద్ద. వానల్లో మామూలు గంజి పెట్టిన పడుగు దారాలు మెత్తబడి తెగిపోతుంటే, తుమ్మజిగురు, మెంతిపిండి కలిపి సొంతంగా ఓ పొడి తయారుచేసుకున్నారు. ఆ పొడి పట్టించిన దారాన్ని మా ల్యాబ్‌లో లాగి చూశాను. నేను ఏళ్ల తరబడి తయారుచేసిన పూతలకంటే గట్టిగా నిలిచింది. నాకు కాస్త అసూయ కలిగింది కూడా.

అది ఎందుకంత గట్టిగా నిలుస్తోందో తేల్చడానికి నాకు ఏడాది పట్టింది. ఆ తర్వాత ఇద్దరం కలిసి పేటెంటుకు వెళ్లాం. లాయరు గుమాస్తా దరఖాస్తు చూసి, "మేడమ్, పేరు రెండుసార్లు పడింది, ఒకటి కొట్టేస్తాను" అన్నాడు.

"కొట్టెయ్యకండి. మేమిద్దరం ఉన్నాం. ముందు పేరు ఈవిడది" అన్నాను.

ఆవిడ నవ్వారు. "ఎవరిది ముందైతే ఏంటమ్మా, చదివేవాళ్లకి ఒకటేగా!"

అయినా నేను ఊరుకోలేదు. ఇద్దరి ఊళ్లూ రాయించి, ఆవిడ చేతే మొదటి సంతకం పెట్టించాను. పేటెంటు ఈమధ్యే వచ్చింది. ఇప్పుడావిడ నెలకోసారి మా కాలేజీకొచ్చి, పిల్లలకు గంజి కాచి చూపిస్తున్నారు.