శనివారం లేవని బండి

మా ఆయన నడిపే కారు పుట్టింది పెట్రోలు బండిగా. మా చేతికి వచ్చేసరికి దానికి డీజిల్ ఇంజను తగిలించి ఉంది. వైర్లు సగం పాతవి, సగం కొత్తవి. ఏ రంగు తీగ ఎక్కడికి పోతుందో చెప్పగల మనిషి కూకట్‌పల్లి మొత్తంలో లేడు. ఆ బండి మీదే మా బతుకు. రోజూ పొద్దున మా కాలనీలో నలుగురిని ఎక్కించుకుని, కొత్తగూడ మీదుగా మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనం దగ్గర దింపాలి.

పని దొరికిన మొదటి రెండు శనివారాలూ బండి లేవలేదు. తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. బ్యాటరీ ఖాళీ. ఎవరిదో బ్యాటరీ అడిగి తెచ్చి లేపేసరికి గంట ఆలస్యం. ఇంకోసారి ఇలా జరిగితే వేరే బండి చూసుకుంటామని కంపెనీలో రవాణా చూసే ఆయన మొహం మీదే చెప్పాడు.

కోపం వస్తే నేను ఎవరినీ వదలను. లోపల లైటు ఆర్పడం మరిచిపోయారని మా ఆయన్ని దులిపేశాను. పాత బ్యాటరీకి రంగేసి అంటగట్టావని, మాకు ఆ బ్యాటరీ అమ్మిన కార్ల వైరింగ్ మెకానిక్‌ను నలుగురిలో నిలదీశాను. పాపం అతను ఆదివారమంతా బండిని పరీక్షించాడు.

"బ్యాటరీ మంచిగనే ఉందక్కా. వైర్లల్ల ఏం లేదు. ఊకె పరేషాన్ గాకు," అన్నాడు.

"ఏమీ లేకపోతే ఎందుకు చస్తోందయ్యా?" అని ఇంకో నాలుగు మాటలని వచ్చేశాను.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. పెళ్లయ్యాక ఆ చదువు ఇస్త్రీపెట్టె వైరు మార్చడానికి తప్ప పనికిరాలేదు. ఈసారి నేనే చూస్తానంటే మా ఆయన నవ్వారు. నవ్వితే నవ్వారు. బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్యలో చిన్న బల్బు కట్టాను. ఆపేసిన బండిలో ఎక్కడైనా కరెంటు కారుతుంటే అది వెలగాలి. గురువారం దాకా రోజూ సాయంత్రం కట్టి చూశాను. వెలగలేదు.

"ఇంకెన్నాళ్లు చూస్తావు?" అన్నారు మా ఆయన.

"దొరికేదాకా చూస్తానండీ."

శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే బండికి పసుపు కుంకుమ పెట్టి, దిష్టి తీసి, కొబ్బరికాయ కొట్టాను. నీళ్లు చిప్పలో పట్టి, ఇంజను చల్లగా ఉండాలని ముందు జాలీలోంచి లోపలికి పోశాను. చేతులు కడుక్కుని బల్బు కట్టాను. వెలిగింది.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను. హారన్ ఫ్యూజు తీయగానే బల్బు ఆరిపోయింది. దాన్ని మళ్లీ పెట్టి ఆ తీగ వెంటే వెళ్లాను. జాలీ వెనక, ఇంజను మార్చినప్పుడు వేసిన అతుకు ఉంది. టేపు ఊడి, చిలుము పట్టిన రాగి బండి రేకుకు ఆనేంత దగ్గరగా ఉంది. ఆ సందులో కొబ్బరినీళ్లు నిలిచాయి. పొడిబట్టతో తుడిస్తే బల్బు ఆరింది. మళ్లీ నాలుగు చుక్కలు వేస్తే వెలిగింది. శనివారం బండి తిరిగితే ఆ వేడికి తడి ఆరిపోతుంది. ఇక ఆదివారం మెకానిక్‌కు ఏం కనిపిస్తుంది?

సంతోషపడాల్సిన చోట నాకు సిగ్గేసింది. అతుకు విప్పి, శుభ్రంగా గీకి, కొత్త టేపు బిగించి చుట్టాను.

మర్నాడు బండి ఒక్క తిప్పుకే లేచింది. మా ఆయన అటు వెళ్లగానే నేను మెకానిక్ దగ్గరికి నడిచాను. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. అక్కడ టీ తాగుతున్నవాళ్లందరూ వినేలా జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను.

అతను నవ్వలేదు. "బండి మీద పసుపు కుంకుమ జూసి, పూజ ఎప్పుడు జేస్తవ్, నీళ్లు ఎక్కడ వోస్తవ్ అని ఆ దినమే అడుగుదామనుకున్ననక్కా," అన్నాడు. "నన్ను మాట్లాడనిచ్చినవా?"

ఇవ్వలేదు. ఆ మాట కూడా అందరి ముందే ఒప్పుకున్నాను.